ఒడిలో రాయి

పొద్దున రాళ్ళ గుట్టలోంచి ఏరుకున్నప్పుడు రాయి చల్లగా ఉంది, మంచు ఇంకా దాని కింది వైపు అంటుకునే ఉంది. ఇప్పుడేమో ఎండ ఎక్కేకొద్దీ ఒడిలో పడుకున్న గొర్రెపిల్లలా వెచ్చబడుతోంది, ఊపిరి ఒక్కటే తక్కువ అనుకుంది తిర్సా. అనుకుని ఆ ఆలోచనకు తనే జడిసి రెండు అరచేతులూ దాని మీద బోర్లించింది. బార్లీ రొట్టె అంత ఉంది రాయి. "నువ్వే ఏరుకో తల్లీ, నీ చేతికి సరిపడేది," అన్నాడు పెద్దయ్య బెరెక్యా, సంతలో ఉల్లిపాయలు ఏరుకోమన్నట్టు. మొదట చిన్నది తీసింది, తీశాక చిన్న రాయితో చావు ఆలస్యమవుతుందని తోచి కింద పడేసింది, పెద్దది ఎత్తబోతే మనసు ఒప్పలేదు. అలా చిన్నదీ కాక పెద్దదీ కాక ఇది మిగిలింది. సాక్షి నోరు తెరిచేదాకా రాయి ఒడిలో పెట్టుకుని కూర్చోవాలి, చెప్పబోయే మాట ఎంత బరువో తెలియాలని ఎప్పుడో ఎవరో పెద్దలు పెట్టిన ఆనవాయితీ. ఆ పెద్దలెవరూ ఇలా కూర్చుని ఉండరు. కూర్చుని ఉంటే బరువు ఒడిలో ఉండదని, గొంతులో ఉంటుందని తెలిసేది.

ఊరి గవిని వాకిట్లో, బురుజు నీడ పెద్దల అరుగు మీద ఉన్నంతసేపే తీర్పు. నీడ అరుగు దిగేలోగా ఇద్దరు సాక్షులు ఒకే మాట చెబితే ఊరు రాయి ఎత్తుతుంది, మొదటి రాళ్ళు ఆ సాక్షులవే. ఒక్క నోరే పలికితే రాయి లేవదు, ఆ నేరం మళ్ళీ గవిని దగ్గరికి రాకూడదు. ఒక నోరు ఇప్పటికే పలికింది. ఆ నోరు జిబ్యాది, పొరుగింటి ఆవిడ, తిర్సాకు ఎడమ పక్కన నాలుగడుగుల దూరంలో తన రాయిని ఒడిలో పెట్టుకుని కూర్చుని ఉంది, ఎవరి వైపూ చూడటం లేదు. రెండో నోరు తిర్సాది. అరుగు మీద నీడ ఇంకా నాలుగు మూరలుంది. ఎదురుగా నేల మీద, మోకాళ్ళు రెండూ పట్టుకుని, ముసుగు సరిచేసుకుంటూ, ఎవరింటికో పురుడు పోయడానికి వచ్చి నొప్పులు ఇంకా రాలేదంటే ఎదురుచూస్తున్నట్టు కూర్చుంది అత్త హమూటలు. ఊళ్ళో సగం మందికి బొడ్డు కోసిన చేతులు ఆవిడవి. ఆవిడ ముందు చాప మీద, జానెడున్నర ఎత్తున, నల్లగా మాడిపోయిన మట్టి బొమ్మ. రొమ్ములు రెండూ చేతులతో ఎత్తి పట్టుకున్న ఆడమనిషి, నడుము కింద కాళ్ళు లేవు, గుండ్రటి దిమ్మ ఒక్కటే. అంతమంది మగవాళ్ళు చుట్టూ నిలబడి దాన్ని చూడకూడదన్నట్టు చూస్తున్నారు.

గుడి సేవ చేసే లేవీయుడు ఇద్దో చదువుతున్నాడు. రెండో సాక్షి నోరు తెరిచే ముందు రాజుగారి తోలు చుట్టలో రాసి ఉన్న ఆజ్ఞ అంతా మొదటి నుంచి చివరిదాకా వినిపించాలట. యెరూషలేము నుంచి రెండు రోజులు నడిచి వచ్చిన కుర్రాడు, ముక్కు మీద ఎండకు తోలు ఊడిపోయింది, జలుబు కూడా చేసింది, ప్రతి నాలుగు మాటలకూ ఆగి తుమ్ముతున్నాడు. తుమ్మినప్పుడల్లా చుట్టను పక్కకు తిప్పి పట్టుకుంటున్నాడు, దేవుడి మాట మీద పడకుండా. ఆ జాగ్రత్త చూస్తే ముచ్చటేస్తోంది తిర్సాకు, వీడు చెడ్డవాడు కాదు అనుకుంది, ఇక్కడ చెడ్డవాళ్ళెవరూ లేరు, అదే కదా కష్టం. ఒక్క చెడ్డవాడుంటే ఈ రాయి ఎటు విసరాలో చేతికే తెలిసేది. ఇతర దేవతలు అంటున్నాడు ఇద్దో, రహస్యంగా అంటున్నాడు, నీ ఇంట్లో నీతో పాటు ఉన్నవాళ్ళయినా సరే అంటున్నాడు, కనికరించకూడదు అంటున్నాడు, రాయి ఎత్తేది దేవుడి చెయ్యే అంటున్నాడు, తుమ్ముతున్నాడు. ఆ మాటల్లో సగం తిర్సాకు ముందే వచ్చు. చుట్టలు చూసి నేర్చుకోలేదు, నాన్న దగ్గర నేర్చుకుంది.

నాన్న ఎడారి అంచున మేకలు కాసేవాడు. ఒక్క గది ఇల్లు, గోడలో ఒక గూడు. అందరి ఇళ్ళలోనూ ఆ గూట్లో ఏదో ఒకటి ఉండేది, మట్టి గుర్రమో, మట్టి ఆడమనిషో, వాళ్ళింట్లో మాత్రం ఏమీ ఉండేది కాదు. దీపం కూడా అందులో పెట్టనిచ్చేవాడు కాదు. ఐదేళ్ళప్పుడనుకుంటా ఒకసారి వానల తర్వాత పూసే ఎర్ర పూలు గుప్పెడు తెచ్చి అందులో పెట్టింది. నాన్న కోప్పడలేదు, ఒక్కొక్క పువ్వే తీసి ఆమె జుట్టులో పెట్టాడు. "దేవుడి గూడు బోసిగా ఉంది నాన్నా," అంటే, "బోసిగా లేదే పిచ్చీ, నిండా ఉన్నాడు. నువ్వేం పెట్టినా ఆయనకి చోటు చాలదు," అన్నాడు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ లేనప్పుడు గూట్లో చెయ్యి పెట్టి చూసేది. లోపల గోడ చల్లగా తగిలేది. చల్లదనమే అనుకునేది దేవుడంటే. పెద్దయ్యాక అది కూడా ఒక బొమ్మేనని తెలిసి, చల్లదనాన్ని కూడా తీసేసి, ఉత్త చోటునే మనసులో ఉంచుకుంది. ఆ చోటుకే మొక్కింది ఇన్నేళ్ళూ. ఊళ్ళో అందరికీ ఆ సంగతి తెలుసు, తెలుసు కాబట్టే పిలిచారు. అదుగో, ఫలానావాడి కూతురు, ఆమె అబద్ధమాడదు, ఆమె అత్తను కూడా దాచదు. ఎంత నమ్మకం. ఇన్నాళ్ళూ ఆమె నీళ్ళు తోడి ఎత్తుకుపోతుంటే పక్కకు జరగని వాళ్ళు, ఈ పొద్దున కూర్చోవడానికి గొంగళి వెతికి పరిచారు.

తొమ్మిదేళ్ళ కిందట కోడలుగా ఈ ఊరొచ్చిన రోజు గుమ్మం దాటగానే కంటపడింది ఆ బొమ్మ. అప్పుడు తెల్ల సున్నం పూసి, మెడలో ఎర్ర గీత, పసుపు గీత, ముద్దుగా ఉండేది. కళ్ళు మరీ పెద్దవి, మనం ఏం చేస్తున్నా ఆశ్చర్యపోతున్నట్టుండేవి. మర్నాడు తిరగలి పని అయ్యాక దాని మొహం గోడ వైపు తిప్పింది తిర్సా. మధ్యాహ్నానికి అది మళ్ళీ ఇటు తిరిగి ఉంది. ఆమె తిప్పేది, అత్త తిప్పేది. ఒక్క మాటా లేకుండా నెల రోజులు నడిచింది ఆ యుద్ధం. "ఏమే, మా అమ్మ నీకేం అడ్డమొచ్చిందే?" అని అడిగింది చివరికి అత్త, కాయధాన్యాలు చెరుగుతూ. "నాకు రాలేదత్తా, దేవుడికి అడ్డమొచ్చింది." "అంతంత కొండలు చేసిన దేవుడికి జానెడున్నర బొమ్మ అడ్డమా? కాస్త పక్కకి జరగమను ఆయన్ని." నవ్వొచ్చింది తిర్సాకు, ముసుగులో దాచుకుంది, దాచుకున్నందుకు రాత్రంతా దేవుణ్ణి క్షమించమని అడిగింది. అత్తకు యెహోవా లేడని కాదు. ఏడో రోజున తిరగలి ముట్టదు, పండగలకు నడిచి వెళ్తుంది, మాట మాటకూ యెహోవా జీవం తోడు అంటుంది. వానకీ, పంటకీ, ఒట్టుకీ ఆయనే. "పురుటింట్లోకి మాత్రం మగదేవుడెలా వస్తాడే, సిగ్గుండదూ?" అనేది. "మీ నాన్న ఇంట్లో ఖాళీ గూడట కదా, ఖాళీ గూట్లో ఏముంటాయే, బల్లులు తప్ప!"

జిబ్యా కదిలింది. రాయి ఒడిలోంచి జారబోతే పట్టుకుంది, పట్టుకునే తీరు చూసి తిర్సా కళ్ళు తిప్పుకోవాల్సి వచ్చింది, ఒక చెయ్యి కింద, ఒక చెయ్యి పైన, తల ఉన్నట్టు. ఆమె అంగీ మీద రొమ్ముల దగ్గర రెండు తడి మచ్చలున్నాయి. బిడ్డ పోయి ఇరవై రోజులైంది, పాలు ఇంకా ఆగలేదు. దుప్పటి కప్పుకోవచ్చు కదా, ఇంతమంది మగాళ్ళలో, కానీ కప్పుకోలేదు జిబ్యా, చూడండి అన్నట్టు కూర్చుంది. ఆమెను ద్వేషించడానికి పొద్దుటి నుంచీ ప్రయత్నిస్తోంది తిర్సా. చేతకావడం లేదు.

ఎవరికీ చెప్పనిది ఒకటుంది. కూతురు నోగా పుట్టినప్పటి సంగతి. రెండు రోజులు నొప్పులు, రెండు రాళ్ళ మీద కూర్చోబెట్టి వెనక నుంచి పట్టుకుంది అత్త. ఆ రాళ్ళు కూడా ఇలాగే వెచ్చబడ్డాయి కింద. నాన్న నేర్పిన దేవుణ్ణి పిలిచింది తిర్సా, పేరు పెట్టి పిలిచింది, గొంతు పోయేదాకా పిలిచింది, మనసులోని ఉత్త చోటులోకి అరిచింది. చోటు చోటుగానే ఉంది. రెండో రోజు మధ్యాహ్నం అత్త లేచి వెళ్ళి బొమ్మను తెచ్చి ఆమె గుప్పిట్లో కుక్కింది. వద్దంది. "నోర్ముయ్యవే, పిండు, తిట్టు, కొరుకు, ఏమైనా చెయ్యి, దాన్ని మాత్రం వదలకు." వదల్లేదు. ఎలా పట్టుకుందంటే మట్టి రొమ్ముల అచ్చు అరచేతిలో దిగి మూడు రోజులు ఉండిపోయింది. నోట్లో యెహోవా పేరు, చేతిలో ఆ మట్టి, అలా పుట్టింది నోగా, అరుస్తూ, నీలంగా, ఆ తర్వాత ఎర్రగా. అత్త ఉప్పు రాసి, నూనె రాసి, పాతగుడ్డల్లో చుట్టి, "ఎవరు విన్నారో ఏమో గానీ పిల్లకి మాత్రం గొంతుంది," అంది. ఎవరు విన్నారు? ఆరేళ్ళుగా అదే ప్రశ్న. యెహోవాయే విన్నాడని తెలుసు తిర్సాకు, తెలియడంలో ఏ లోటూ లేదు, కానీ అరచేతికి ఆ పూట దొరికిన ఊరట మట్టిదే. అందుకే దాన్ని అంతగా అసహ్యించుకుంది. అబద్ధపు దేవత అని కాదు. తన చేతిని ఒకసారి ఓదార్చింది కాబట్టి.

ఇద్దో మళ్ళీ తుమ్మాడు. ఎవరో "ఆయుష్షు" అన్నారు, ఎవరో నవ్వారు, బెరెక్యా కళ్ళెర్రజేశాడు. నీడ రెండు మూరలకు తగ్గింది.

బార్లీ కోతలప్పుడు వచ్చింది రాజాజ్ఞ. మగవాళ్ళలో కొందరిని కొండల మీది బలిపీఠాలు పడగొట్టడానికి తీసుకెళ్ళారు, తిర్సా మొగుడు గెమర్యా కూడా వెళ్ళాడు. కొడుకు కొండ మీద దేవతల్ని కూలుస్తుంటే తల్లి ఇంట్లో దేవతను ఉన్ని బుట్టలో దాచింది. ఇళ్ళలో ఉన్న ప్రతి బొమ్మనూ కాల్చి, పొడి చేసి పారబోయాలి అని చాటాడు ఇద్దో. అత్త ఏ పొలం గట్టుకో వెళ్ళినప్పుడు తిర్సా ఉన్ని బుట్టలోంచి దాన్ని తీసింది. రొట్టెల పొయ్యిలో అడుగున పెట్టి పైన ఎండు ముళ్ళకంప, పేడ పిడకలు వేసి మంట పెట్టింది. బూడిద అవుతుందని కూర్చుంది. ఎంత తెలివితక్కువ పని! కుమ్మరి ఆవంలో ఒకసారి కాలి వచ్చిందే కదా అది, రెండోసారి కాలిస్తే ఏమవుతుంది, గట్టిపడుతుంది. సున్నం పోయింది, ఎర్ర గీత పోయింది, ఆశ్చర్యపడే కళ్ళు పోయాయి, నల్లబడి, కర్రతో తడితే కంచులా మోగింది. రాజుగారికి చెప్పినవాళ్ళెవరూ ఎప్పుడూ పొయ్యి దగ్గర కూర్చున్నట్టు లేదు. పగలగొడదామని రోలు దగ్గరికి వెళ్ళబోతుంటే జిబ్యా మొగుడు పరిగెత్తుకొచ్చాడు, నొప్పులొచ్చాయని. బొమ్మను మళ్ళీ బూడిదలోకే తోసేసింది. అత్త పొలం నుంచి రొప్పుతూ వచ్చి ఉన్ని బుట్ట తలకిందులు చేసింది. "ఏదే? అమ్మ ఏదే?" "నాకేం తెలుసత్తా." జీవితంలో ఆమె ఆడిన ఒకే ఒక్క అబద్ధం, అదీ దేవుడి కోసం. అత్త ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి వట్టి చేతులతో వెళ్ళింది. పొద్దు వాలాక వచ్చింది. కాళ్ళు కడుక్కోలేదు. "బిడ్డ ఏడవలేదే," అంది, అంతే, గోడకు చేరగిలబడింది.

ఆ తర్వాత రెండో రోజున అత్త పొయ్యిలో బూడిద తోడుతూ ఆగింది. తిర్సా పిండి కలుపుతోంది, వేళ్ళు పిండిలోనే బిగుసుకుపోయాయి. అత్త చూసింది. వంగి చూసింది. చేటతో మళ్ళీ బూడిద కప్పి, రొట్టెలు ఎక్కడైనా కాల్చుకోవచ్చు అన్నట్టు పెరట్లో వేరే పొయ్యి ముట్టించింది. ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. నీ దేవుడి పట్టుదలకు పొరుగింటి పసిగుడ్డు పోయిందే అంటే, కాదత్తా అని అరిచేది. అనలేదు కాబట్టి ఆ మాట ఇంట్లోనే ఉండిపోయింది, గూట్లో బొమ్మ లేని చోట కూర్చుంది. పది రోజుల తర్వాత జిబ్యా నిప్పు కోసం వచ్చింది, పెంకు పట్టుకుని, ఏ పొయ్యి వెలిగిందో ఏది ఆరిందో చూసుకునే స్థితిలో లేదు, పాత పొయ్యిలో చెయ్యి పెట్టి కెలికింది. నిప్పు దొరకలేదు, అది దొరికింది. పెంకు అక్కడే పగిలిపోయింది. "ఇదా! ఇది పట్టుకుని నా పురిటింటికొచ్చావా నువ్వు?" అని అత్త మీద ఆమె వేసిన కేక వీధి చివరిదాకా వినిపించింది. మంటలో కూడా చావని దయ్యాన్ని చేత్తో పట్టుకొచ్చి నా బిడ్డ మీద యెహోవా కోపం తెప్పించింది మంత్రసాని, ఈ పొద్దున పెద్దల ముందు జిబ్యా చెప్పింది అదే. ఆమె అరవలేదు, ఏడవలేదు, లెక్కగా చెప్పింది. ఏం చెప్పుకుంటావు అని బెరెక్యా అడిగితే అత్త, "బొమ్మ నాదే," అంది. ఇంకేమన్నా ఉందా అంటే లేదంది.

ఇంకేమన్నా ఉందా అంటే లేదంది. తిర్సా వేళ్ళు రాయి అంచు వెంట నడుస్తూ ఆగిపోయాయి. ఎందుకు లేదంది? ఆ రోజు బొమ్మ నా చేతిలో లేదయ్యా, కావాలంటే నా కోడల్ని అడగండి, పొయ్యిలో ఉంది అప్పటికే అని ఒక్క మాట అంటే నేరంలో సగం తేలిపోయేది కదా. అత్తకు తెలుసు, బూడిద కప్పిన రోజు నుంచీ తెలుసు. పొద్దుటి నుంచీ ఎదురుగా కూర్చున్న ముసలిదాని మొహంలోకి ఇప్పుడు చూసింది తిర్సా, అత్త అప్పటికే ఆమె వైపే చూస్తోంది, చిన్నగా, వద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపింది, నొప్పులు వస్తున్నప్పుడు ఇప్పుడే ముక్కొద్దు ఆగు అన్నట్టు. అప్పుడు తెలిసింది. బొమ్మ ఆ పూట లేదని బయటపడితే జిబ్యా దుఃఖానికి వేరే గుమ్మం కావాలి. ఆ గుమ్మం తిర్సాది. బొమ్మ ఉంటే బిడ్డ బతికేదేమో, కోడలు కాల్చేసింది కాబట్టే పోయిందేమో అని ఒక్కసారి జిబ్యా అనుకుంటే ఇక ఈ ఊళ్ళో నోగాను ఎత్తుకుని నీళ్ళకు వెళ్ళే దారి కూడా ఉండదు. అత్త దాన్ని తన ఒంటి మీదికి తిప్పుకుంది. ఓసి ముసలిదానా! నిన్ను ఎవరు అడిగారు? నా అబద్ధాన్ని కూడా నీ బుట్టలోనే దాస్తావా?

కోపం వచ్చింది తిర్సాకు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ రానంత కోపం. అత్త మీద, చాప మీది ఆ నల్ల మొండిదాని మీద, ఏరుకోమన్న బెరెక్యా మీద, తన మీద. ఆపైన ఎవరి మీద రాకూడదో ఆయన మీద కూడా. విను, అంది లోపలి చోటుతో, రెండు రోజులు పిలిస్తే పలకలేదు, పోనీ, నేనేం అలగలేదు, నిన్ను వదల్లేదు, ఇప్పుడూ వదలను, వదలమన్నా వదలను. కానీ వీళ్ళు నా ఒడిలో ఒక రాయి పెట్టి ఇది నీ చెయ్యి అంటున్నారు. నీకు చెయ్యి లేదని, మొహం లేదని, ఏ వస్తువులోనూ నువ్వు పట్టవని నాకు ఐదేళ్ళప్పుడే చెప్పారు. రాయికి నీ చెయ్యి అని పేరు పెట్టడం కూడా బొమ్మ చెయ్యడమే కదా. నేను మట్టి బొమ్మకు మొక్కలేదు, రాతి బొమ్మకు మొక్కుతానా? నిజం చెప్పమన్నావు, చెబుతాను. వాళ్ళకి కావలసినంత ముక్క తుంచి ఇవ్వను, మొత్తం చెబుతాను, ఆ తర్వాత నీ ఇష్టం, వాళ్ళ ఇష్టం.

చదవడం ఆగిపోయిందని ఆమెకు ఆలస్యంగా తెలిసింది. ఇద్దో చుట్ట చుడుతున్నాడు. మూరెడు నీడ మిగిలింది అరుగు మీద. పైకప్పుల మీద కదుళ్ళు తిప్పుతున్న ఆడవాళ్ళు తిప్పడం ఆపారు.

"తిర్సా," అన్నాడు బెరెక్యా, "నీ అత్త ఇంట్లో ఈ బొమ్మను చూశావా? ఔనంటే చాలు. ఒక్క మాట."

"ఒక్క మాట చాలదు పెద్దయ్యా."

లేచి నిలబడింది, రాయి రెండు చేతుల్లోనూ ఉంది. గొంతు ఇంత మామూలుగా ఎలా ఉందో ఆమెకే అర్థం కాలేదు, నూతి దగ్గర మాట్లాడినట్టే ఉంది. "చూశాను. తొమ్మిదేళ్ళుగా చూశాను. మొదటి నెలంతా దాని మొహం గోడకి తిప్పాను. నా కూతురు పుట్టినప్పుడు రెండు చేతులా పట్టుకున్నాను, వదల్లేదు. ఆజ్ఞ వచ్చాక పొయ్యిలో పెట్టింది నేను. కాలలేదు, మట్టి కాలదు పెద్దయ్యా, మీ ఇంట్లో రొట్టెలు కాల్చేవాళ్ళని అడగండి. జిబ్యక్కకి నొప్పులొచ్చిన పూట అది మా పొయ్యిలోనే ఉంది. మా అత్త వెతికితే తెలీదని అబద్ధమాడాను. ఆవిడ వట్టి చేతులతో వెళ్ళింది. ఇదీ నేను చూసింది. ఇప్పుడు నేను సాక్షినో, ఆవిడ పక్కన కూర్చోవాల్సినదాన్నో, ఆ చుట్ట విప్పి చూసి చెప్పండి."

"నీకు మతి పోయిందా?" బెరెక్యా లేచాడు. "ఎవరి కూతురివో గుర్తుందా? నీ నాన్న బతికుంటే..."

"మా నాన్న బతికుంటే ఈ రాయి ఏరుకునేవాడే కాదు."

"ఓసి పిచ్చిదానా," అంది హమూటలు కింద నుంచి, గొంతు పగిలి, "పిల్లని ఎవరు చూస్తారే!"

ఇద్దో చుట్ట మళ్ళీ విప్పాడు, వేలు పెట్టి వెతుకుతున్నాడు, పైకి, కిందికి, నేరంలో చెయ్యి ఉన్న నోరు సాక్షి అవుతుందా అని. జిబ్యా లేచింది. అప్పుడు అందరూ చుట్టను వదిలేసి ఆమెను చూశారు. రాయి చేతుల్లో పట్టుకుని నాలుగడుగులూ నడిచి తిర్సా ఎదురుగా వచ్చి నిలబడింది. పాల వాసన తగిలింది తిర్సాకు. కొడితే తప్పుకోకూడదు అనుకుంది, మెడ బిగించింది.

"ఆ రోజు అది లేదా?" అంది జిబ్యా.

"లేదక్కా."

"ఆవిడ చేతిలో ఏమీ లేదా?"

"ఏమీ లేదు."

జిబ్యా పెదవులు కదిలాయి, ఏదో లెక్క మొదటి నుంచి మళ్ళీ వేసుకుంటున్నట్టు. "నీకు బతికింది," అంది చివరికి. "మరి నాకెందుకు బతకలేదు?"

దీనికి అత్త దగ్గర ఒక జవాబుంది, ఇద్దో చుట్టలో ఒక జవాబుంది. రెండూ తెలుసు తిర్సాకు, రెండూ నాలుక మీదికి వచ్చాయి, రెంటినీ మింగింది. "తెలీదక్కా," అంది. "నాకు తెలీదు."

జిబ్యా రాయిని పైకి జరుపుకుని, తడి మచ్చల మీదికి, గడ్డం దాని మీద ఆనించి, గవిని లోపలి వీధిలోకి నడిచి వెళ్ళింది. "ఏమమ్మా, నీ మాట మీద నిలబడతావా?" అని బెరెక్యా వెనక నుంచి కేకేశాడు. ఆమె తిరగలేదు. మూల తిరిగేదాకా ఆ రాయిని మెల్లగా జో కొడుతూనే ఉంది.

ఎండ అరుగు ఎక్కింది, ఒకే మాట చెప్పే రెండు నోళ్ళు లేకుండానే తీర్పు వేళ దాటిపోయింది. పెద్దలు ఒకరి తర్వాత ఒకరు కాళ్ళు ముడుచుకున్నారు, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకున్నారు, ఎవరూ ఎవరితోనూ మాట్లాడకుండా లేచారు. తిర్సా సంగతి గెమర్యా వచ్చాక చూస్తామని బెరెక్యా ఎవరికీ కాకుండా గాలికి చెప్పి, బొమ్మను మాత్రం ఈ పూటే పొడి చేయించమని ఇద్దోకు పురమాయించి వెళ్ళిపోయాడు. ఇద్దో దాన్ని గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. తిరగలి ఎవరిని అడగాలో తెలియక పైకప్పుల వైపు చూశాడు. ఆడవాళ్ళందరికీ ఒక్కసారే వడకాల్సిన ఉన్ని గుర్తొచ్చింది.

తిర్సా తన రాయిని గుట్టలో పడెయ్యలేదు. తీసుకెళ్ళి అత్త పక్కన నేల మీద సమంగా పెట్టి, కదలకుండా చూసుకుని, దాని మీద కూర్చుంది. ఇంకా వెచ్చగానే ఉంది. అత్త చెయ్యి వెనక నుంచి వచ్చి వీపు మీద నిలబడింది, నోగా నొప్పులప్పుడు రెండు రోజులు నిలబడిన చోటే.

హమూటలు, ఇద్దో వెళ్ళిన వీధి వైపే చూస్తూ అంది, "కుమ్మరివాడు నాకు ఇంకోటి చేసిస్తాడు."

"చేసిస్తే బయటే ఉంటుందత్తా. ఇంట్లోకి రాదు."

"నా ఇల్లే అది."

"ఇల్లు నీదే. గూడు ఖాళీగా ఉంటుంది."

"బల్లులు చేరతాయే."

"చేరనీ," అంది తిర్సా.